యాభై దాటినోళ్లకు వినబడని కూత

యాభై దాటితే మనిషి చెవులు సన్నటి చప్పుళ్లను వదిలేస్తాయి. డాక్టర్లు దీన్ని లోపం అంటారు. పాపం, వాళ్లకు లోకం తెలియదు! ఇది లోపం కాదండీ, ప్రమోషన్!

మీరే ఆలోచించండి. ఆఫీసులో పెద్ద కుర్చీ ఎవరికిస్తారు? ఫిర్యాదు వినగానే ఉలిక్కిపడి లేచేవాడికా, ఎదుటివాడు మొత్తుకుంటుంటే చాయ్ చల్లారకుండా తాగేవాడికా? కాలనీ సంఘానికి అధ్యక్షుడిగా ఎవరిని ఎన్నుకుంటాం? మోరీ పొంగిందని మూడేళ్లుగా చెబుతున్నా, ప్రతిసారీ కొత్తగా విన్నట్టు "అట్లనా!" అని నవ్వగలిగినవాడినే కదా! ఇక కస్టమర్ కేర్ వాళ్ల సంగతి చెప్పాలా? "మీ కాల్ మాకు ఎంతో ముఖ్యం" అంటూ ముప్పావుగంట సంగీతం వినిపించడానికి చెవులకు ఎంత తర్ఫీదు ఉండాలి!

ఇంతటి వరం తనకు దక్కిందని తెలిసి సంబరపడాల్సిందిపోయి దిగులుపడ్డ మనిషి ఒకడున్నాడు. పేరు చాంద్‌పాషా. ఊరు హుజూరాబాద్. వయసు యాభై ఏడు. ఆయనకేం జరిగిందో చెబుతాను, తప్పు ఎవరిదో మీరే తేల్చండి.

చాంద్‌పాషాకు బస్టాండు వెనక సందులో టీవీలు బాగుచేసే షాపు ఉండేది. షాపు ఇప్పటికీ ఉంది, టీవీలే లేవు. గోడకు అతుక్కునే పలచటి టీవీలు వచ్చాక బాగుచేయడమనే మాటే పోయింది. పాడైతే పారేయడం, కొత్తది తేవడం! ఇప్పుడు ఆ షాపులో సెల్‌ఫోన్ కవర్లు, రిమోట్లు, చార్జర్లు వేలాడుతుంటాయి. అయినా పాత పనిముట్ల పెట్టెను ఆయన కౌంటరు కింది నుంచి కదిలించలేదు. ఒకప్పుడు మూడిళ్ల అవతల టీవీ పెడితే దానికేం జబ్బో చెవితోనే చెప్పిన మనిషి. ఆ పేరు ఊళ్లో ఇంకా కొంచెం మిగిలి ఉంది.

ఆ పేరు పట్టుకునే ఒకరోజు కరీంనగర్ నుంచి ఫోన్ వచ్చింది.

"చాచా, నా పేరు వందన. గేమ్ జోన్‌ల మేనేజర్‌ను. మా దగ్గర పాత వీడియో గేమ్ మిషన్ ఉన్నది. దాని మానిటర్ కూస్తుంది. ఈడ టీవీ మెకానిక్‌లందరినీ అడిగిన. గాజు ట్యూబా, తూకానికి అమ్ముకో అన్నరు. ఒకాయన మీ నంబర్ ఇచ్చిండు."

"కూతంటే ఎట్ల బేటా? గుర్రుమంటదా, గీపెడ్తదా?"

"సూది తీసుకొని చెవుల గుచ్చినట్టు ఉంటది చాచా. కానీ..." ఆమె గొంతు తగ్గింది. "మా సార్‌కు ఇనబడ్తలేదట. నేను ఉత్తగనే లొల్లి చేస్తున్న అంటుండు."

గాజు ట్యూబు మాట వినగానే చాంద్‌పాషాకు ప్రాణం లేచివచ్చింది. ఎన్నేళ్లయింది ఒక ట్యూబు వెనక చేయి పెట్టి! మర్నాడే షట్టరు దించి, పెట్టె చంకన పెట్టుకుని కరీంనగర్ బస్సెక్కాడు.

గేమ్ జోన్ మూడో అంతస్తులో ఉంది. యజమాని కరుణాకర్. పన్నెండేళ్లు దుబాయిలో చేసి వచ్చి, ఊళ్లో పిల్లలకు ఆటల్లేవని ఇది తెరిచాడు. వయసు యాభై నాలుగు. అంటే ప్రమోషన్ వచ్చేసిందన్నమాట!

లోపల కొత్త మిషన్లు ఎన్ని ఉన్నా ఆయన ప్రాణమంతా గుమ్మం దగ్గర నిలబెట్టిన పాత మిషన్ మీదే. బీరువా అంత చెక్క పెట్టె, నడుమ గాజు తెర, కింద రెండు జాయ్‌స్టిక్‌లు, అరిగిన ఎర్ర బటన్లు. తెర మీద విమానాలు ఒకదాన్నొకటి కాల్చుకుంటుంటాయి. కాలేజీ ఎగ్గొట్టి ఇలాంటిదాని మీదే ఆయన యవ్వనం గడిచింది. హైదరాబాదులో పాత సామాన్ల వ్యాపారి దగ్గర వెతికి వెతికి తెచ్చాడు. దాని మీద దుమ్ము ఎవరినీ తుడవనివ్వడు, తానే తుడుస్తాడు.

కథలో చిక్కు ఏమిటంటే, దాన్ని ఆన్ చేయగానే పిల్లలు చెవులు మూసుకుని పరుగెత్తేవాళ్లు. ఒక పాప ఏకంగా ఏడుపు అందుకుంది. వెంట వచ్చిన తాతలు, నానమ్మలు చుట్టూ చూసి, ఏ చప్పుడూ లేదే అని పిల్లలనే కసిరేవాళ్లు. ఆ మిషన్ పక్కనే కౌంటరు కాబట్టి వందన పొద్దంతా చెవుల్లో దూది పెట్టుకుని కూర్చునేది. సాయంత్రానికి తల పగిలిపోయేది.

కరుణాకర్ ఏమన్నాడో ఊహించగలరా? చప్పుడు లేదన్నాడు. పిల్లలు రాకపోవడానికి కారణం కౌంటరులో మొహం మాడ్చుకుని కూర్చునే మేనేజరే అన్నాడు. నెలాఖరుకు ఇంకొకరిని చూసుకుంటానని కూడా చెప్పేశాడు.

న్యాయమే కదా! చెవులు నొస్తుంటే నవ్వలేని మనిషి ఉద్యోగానికి ఎలా పనికొస్తుంది?

వందన ఊరుకోలేదు. మిషన్ అమ్మిన వ్యాపారికి ఫోన్ చేసింది. ఆయనకు అరవై రెండు. వీడియో కాల్‌లో విని, "బ్రహ్మాండంగ ఉన్నదమ్మా!" అన్నాడు. ఇంటర్నెట్‌లో వెతికితే మానిటర్ తీసేసి కొత్త తెర పెట్టమన్నారు. ఆ మాటకు కరుణాకర్ మూడు రోజులు అలిగాడు. చప్పుళ్లను గీతలుగా చూపించే యాప్ ఒకటి ఫోన్‌లో వేసి, తెర మీద నిటారుగా లేచిన గీతను ఆయనకు చూపించింది. "ఫోన్ల ఏమైనా చూపెడ్తరు" అన్నాడాయన.

దేవుడి న్యాయం చూడండి! ఆ పెట్టె తెరిచి బాగుచేయగల వయసు వాళ్లకు కూత వినబడదు. కూత వినబడే వయసు వాళ్లకు ఆ పెట్టెలో ఏముందో తెలియదు. ఇలాంటి ఏర్పాటు వల్లే కదా లోకం ఇంత ప్రశాంతంగా నడుస్తోంది!

చాంద్‌పాషా వచ్చేసరికి మిషన్ ఆపి ఉంది. వందన దూది సర్దుకుని స్విచ్ వేసింది. విమానాలు ఎగిరాయి. ఆమె కళ్లు చిట్లించింది.

చాంద్‌పాషా చెవి రిక్కించాడు. పెట్టెకు దగ్గరగా వంగాడు. ఇంకా వంగాడు. వెనక చెక్క తలుపు తీసి తల లోపలికి పెట్టాడు. పైన తిరిగే ఫ్యాను చప్పుడు వినబడింది, కింద రోడ్డు మీద ఆటో హారన్ వినబడింది. ఇంకేం లేదు.

"ఇప్పుడున్నదా బేటా?"

"ఉన్నది చాచా! మీకు ఇనొస్తలేదా?"

అప్పుడు కరుణాకర్ విజయగర్వంతో ముందుకొచ్చాడు. "చూసినవా వందనా? ముప్పై ఏండ్ల మెకానిక్‌కే ఇనబడ్తలేదు. ఇగ చాలు, బంద్ చెయ్యి నీ లొల్లి."

ఇక్కడ చాంద్‌పాషా ఒక్క మాట అంటే సరిపోయేది. "చప్పుడు లేదు సార్" అంటే చాయ్ తాగి బస్సెక్కొచ్చు. పేరు నిలిచేది, పరువు నిలిచేది. ఎంతమంది పెద్దమనుషులు ఇలాగే పేరు నిలుపుకోలేదు!

కానీ ఆయన కళ్లు వందన ఫోన్ మీద పడ్డాయి. యాప్ తెర మీద ఒక గీత నిలువునా నిలబడి ఉంది. స్విచ్ తీస్తే పడిపోయింది. వేస్తే మళ్లీ లేచింది. తెర ఏం చెబుతోందో ఆయనకు చదవడం వచ్చు. గాజు ట్యూబు మానిటర్ అన్నాక సెకనుకు పదిహేను వేలసార్లు వణికే చప్పుడు ఒకటి ఉండనే ఉంటుంది. ఒకప్పుడు అది ఆయనకు నిద్రలో కూడా వినబడేది. ఎప్పుడు వినబడటం మానేసిందో ఆయనకు గుర్తే లేదు. టీవీలు పోయాయి కాబట్టి చప్పుడు కూడా పోయిందనుకున్నాడు.

"సార్, చిన్న పరీక్ష చేద్దామా?" అన్నాడు.

ఆటలో పాట, పేలుళ్ల సౌండు సున్నాకు తగ్గించాడు. వందనను గోడ వైపు తిరిగి కళ్లు మూసుకోమన్నాడు. కరుణాకర్‌ను స్విచ్ దగ్గర నిలబెట్టాడు. మిషన్ ఉందో లేదో ఆమె చెప్పాలి.

"ఉన్నది," అంది వందన. "లేదు. లేదు. ఉన్నది."

నాలుగూ కరెక్టే.

"స్విచ్ టక్కుమన్నది విని చెప్తున్నది," అన్నాడు కరుణాకర్.

"అయితే ప్రతిసారి లెక్క దొరకకుండ మస్తుసార్లు టక్కుమనిపియ్యండి. ఏసి తీయండి, తీసి ఏయండి, ఎక్కడన్న ఆపండి."

కరుణాకర్ టకటకలాడించాడు. ఆమె పదికి పది చెప్పింది. అప్పటికి జనం పోగయ్యారు. తర్వాత కరుణాకర్ వంతు. ఆయన గోడ వైపు తిరిగి, కళ్లు మూసుకుని, ఎంతో ధీమాగా "ఉన్నది" అన్నాడు. లేదు. "ఉన్నది" అన్నాడు. లేదు. "లేదు" అన్నాడు. ఉంది! పదిలో నాలుగు ఒప్పయ్యాయి. బొమ్మా బొరుసూ వేసినా అయిదు వచ్చేవి.

"మీరు చెప్పుండ్రి పాషా భాయ్," అన్నాడు కక్షగా.

చాంద్‌పాషా గోడ వైపు తిరిగాడు. ఊహించడం ఆయనకు ఇష్టం లేదు. ప్రతిసారీ నిజమే చెప్పాడు. "తెల్వది సార్." మళ్లీ అడిగితే మళ్లీ, "తెల్వది." పదిసార్లూ అదే మాట. గోడకు నీలం రంగు కొత్తగా వేసినట్టుంది, ఒక చుక్క కింద స్విచ్ బోర్డు మీద పడి ఎండిపోయింది. ఆయన దాన్నే చూస్తూ నిలబడ్డాడు.

జనం చెదిరాక కరుణాకర్ ఆయన్ని పక్కకు తీసుకెళ్లాడు. మొహంలో గర్వం పోయి భయం వచ్చింది.

"పాషా భాయ్, నిజంగనే ఇనబడ్తలేదా మనకు?"

"లేదు సార్. వయసుకు అందరికీ అంతే."

"మీరు మెకానిక్ కదా! మీకు గూడ అంటే..." అని ఏదో అనబోయి మానేశాడు. తర్వాత గుసగుసగా, "గీ ముచ్చట మా ఇంట్ల తెల్వద్దు," అన్నాడు.

చాంద్‌పాషా పనిముట్ల పెట్టె తెరిచాడు. చెవులు లేకపోతేనేం, చేతులున్నాయి కదా! చెవులు ఈ అమ్మాయి దగ్గర అప్పు తీసుకుంటే సరి.

"బేటా, నువ్వు ముందట నిలబడు. లోపల చెయ్యి పెట్టకు. నేను కట్టెతోని ఒక్కొక్కటి ముట్టుకుంట. నీకు తక్కువైతే తక్కువైందని చెప్పు. అంతే."

మిషన్ నడుస్తుండగానే వెనక వైపు నుంచి ఎండు వెదురు పుల్ల పట్టుకుని వంగాడు. ఎడమ చేయి ప్యాంటు జేబులో పెట్టుకున్నాడు. అది ఆయన ఉస్తాద్ నేర్పిన మొదటి పాఠం. రెండు చేతులూ లోపల పెడితే కరెంటు ఒక చేతి నుంచి ఇంకో చేతికి గుండె మీదుగా పోతుంది.

ముందుగా ట్యూబుకు హై వోల్టేజీ ఇచ్చే నల్లటి ట్రాన్స్‌ఫార్మర్‌ను నొక్కాడు. కూత పెట్టే టీవీల్లో నూటికి ఎనభై దొంగలు అక్కడే దొరికేవాళ్లు.

"ఇప్పుడు?"

"అట్లనే ఉన్నది చాచా."

ట్యూబు మెడకు చుట్టిన రాగి చుట్టను ఆనించాడు. "ఇప్పుడు?"

"కొంచెం... ఊహూ, అట్లనే ఉన్నది."

బోర్డు మీద ఒక్కొక్క భాగమే వెతుక్కుంటూ పోయాడు. చెమట కళ్లలోకి దిగుతోంది. బొటనవేలంత కాయిల్ ఒకటి, నడుమ నల్లటి కడ్డీ ముక్కతో, మూలన దుమ్ములో కూర్చుని ఉంది. పుల్ల దాని మీద ఆనిందో లేదో, వందన కేక వేసింది.

"ఆగింది! చాచా, ఆగింది!"

పుల్ల ఎత్తాడు. ఆమె మొహం మాడింది. నొక్కాడు. మొహం విచ్చుకుంది. ఎత్తాడు, నొక్కాడు. ఫోన్‌లో గీత లేచింది, పడింది. చాంద్‌పాషాకు వినబడింది ఏమీ లేదు. ఆ అమ్మాయి మొహంలో మాత్రం స్పష్టంగా కనబడింది. చెవితో జబ్బు పట్టినప్పుడు కూడా ఆయనకు ఇంత సంతోషం కలగలేదు.

లోపల కడ్డీ ముక్క వదులై వణుకుతోంది, అంతే. మిషన్ ఆపి, ప్లగ్గు పీకి, ట్యూబులో నిలిచి ఉన్న కరెంటును తీగతో నేలకు దింపాడు. పాత జిగురు గీకి, రెండు చిన్న గొట్టాల్లో వచ్చే గమ్ము కలిపి, కడ్డీని కదలకుండా అతికించాడు. గట్టిపడేదాకా ఆగాలి.

ఆ వ్యవధిలో కరుణాకర్ సమోసాలు తెప్పించాడు. ఒక ప్లేటు తానే తీసుకెళ్లి వందన ముందు పెట్టాడు. పక్కన పచ్చిమిర్చి కూడా పెట్టాడు. యాభై దాటిన నోళ్లకు క్షమాపణ అనే మాట తిరగదు, వాళ్లు సమోసా తెప్పిస్తారు. తెలిసినవాళ్లు తెలుసుకోవాలి. వందన తెలుసుకుంది, కానీ సగమే తిని, "సార్, నెలాఖరు ముచ్చట ఏమైంది?" అని అడిగింది.

"ఏ నెలాఖరు?" అన్నాడు కరుణాకర్, నిజంగానే మరిచిపోయినట్టు.

సాయంత్రం నాలుగింటికి స్విచ్ వేశారు. విమానాలు ఎగిరాయి. వందన ఒక చెవిలోంచి దూది తీసింది. తర్వాత రెండో చెవిలోంచి తీసింది.

"ఏసీ చప్పుడు ఇనబడ్తుంది చాచా," అంది. "గీడ ఏసీ ఉన్నదని గూడ మర్చిపోయిన." నవ్వబోయి, కళ్లు తుడుచుకుంది.

కరుణాకర్ తల అటూ ఇటూ వంచి విన్నాడు. "నాకు అప్పుడూ ఇనబడలే, ఇప్పుడూ ఇనబడ్తలేదు. పొద్దటికీ ఇప్పటికీ ఏం ఫరక్ వచ్చింది పాషా భాయ్?"

చాంద్‌పాషా గుమ్మం వైపు చూపించాడు. బడి వదిలిన పిల్లలు ముగ్గురు చెవులు మూసుకోకుండా లోపలికి వచ్చి, ఆ బటన్ల మీద పడ్డారు.

తర్వాతి వారం నుంచి ఆ మిషన్ ముందు పిల్లలు వరుస కట్టారు. రహస్యం ఏమిటని ఎవరైనా అడిగితే కరుణాకర్ ఒక్కటే చెబుతాడు. మిషన్‌ను జానెడు ఈశాన్యానికి జరిపించాడట! వందన పక్కనే ఉండి తల ఊపుతుంది. ఉద్యోగం నిలిచింది, తలనొప్పి పోయింది, వాస్తు కూడా గెలిచింది. అందరూ సుఖం!

మన చాంద్‌పాషా మాత్రం ఆ రోజు దీపాల వేళకు హుజూరాబాద్ చేరాడు. ఇంటి వరండాలో ఇంకా యాభై దాటని భార్య మక్సూదా కుట్టుమిషన్ తొక్కుతోంది. ఆయన చెప్పులు విప్పుతూనే జరిగిందంతా చెప్పాడు. కరుణాకర్ మాటలు ఆయన గొంతుతోనే చెప్పి నవ్వించబోయాడు.

"అద్దగంట గోడకు నిలబెట్టినా ఒప్పుకోడే! ఆ పిల్ల నెత్తి పట్టుకొని ఏడుస్తుంటె, నాకు ఇనబడ్తలేదు కాబట్టి చప్పుడే లేదంటడు. గిట్లాంటి మనుషులు గూడ ఉంటరా మక్సూదా?"

మక్సూదా నవ్వలేదు. కుట్టు ఆపింది.

"నేను గీ వరండల ఎందుకు కుడుతున్ననో ఎరుకేనా నీకు?"

"గాలికి."

"మూడేండ్ల సంది చలికాలం గూడ గాలికేనా? లోపలి అర్రల ఇన్వర్టర్ కూస్తది. తెచ్చిన దినం చెప్పిన. మర్నాడు చెప్పిన. ముప్పై ఏండ్ల మెకానిక్‌ను, నాకు ఇనబడని చప్పుడు ఏడిదే అన్నవ్. ఇగ మిషన్ ఎత్తుకొని బయటికొచ్చిన."

చాంద్‌పాషా చెప్పు ఒకటి చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. మూడేళ్లు! వానాకాలం జల్లు కొడితే బట్టల మీద పరదా కప్పుకుని కుట్టడం ఆయన కళ్లారా చూశాడు. ఎందుకని ఒక్కనాడు అడగలేదు.

ఆయన చెప్పు కింద పెట్టి, పనిముట్ల పెట్టె తీసుకుని లోపలి గదిలోకి నడిచాడు. "దా. నువ్వు చెవి పెట్టు, నేను చెయ్యి పెడ్త."

అరగంట పట్టింది. వదులైన రేకు బిళ్ల ఒకటి దొరికింది. బిగించాడు. మక్సూదా తల వంచి విని, "ఇంక ఉన్నది," అంది. ఇంకొంచెం బిగించాడు. "ఇంక." ఇంకా బిగించాడు. ఆమె ఊపిరి వదిలింది. వెళ్లి కుట్టుమిషన్ ఒక కాలు పట్టుకుంది. రెండో వైపు ఆయన పట్టుకున్నాడు. ఇద్దరూ కలిసి దాన్ని లోపల కిటికీ దగ్గర పెట్టారు.

"మక్సూదా," అన్నాడు ఆయన మెల్లగా, "ఇంక ఏమేం ఉన్నయి, నాకు ఇనబడనియి?"

ఆమె ఆయన నుదుటి మీద చేయి వేసి చూసింది. "జరం గిట్ల లేదు గద?"

లేదన్నాడు. స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

చూశారా పాఠకులారా, ఎంత పని చేసుకున్నాడో! వినబడనిది అడిగి తెచ్చుకునేవాడిని ఎక్కడైనా చూశారా?

మక్సూదా వంటింటి కుళాయితో మొదలుపెట్టింది. బీరువా తలుపు, ఫ్రిజ్ కింద గలగల, పక్కింటి మోటారు. చప్పుళ్లు తొందరగానే అయిపోయాయి. తర్వాత మాటల దగ్గరికి వచ్చింది. ఆమె బీడీల ఆకు కత్తిరించడం మానేసి టైలరింగ్ నేర్చుకుంటానన్నప్పుడు ఆయన ఏమీ అనకపోవడం. కూతురు యుమ్నా పైచదువు ఊసు ఆమె మూడుసార్లు ఎత్తితే మూడుసార్లూ ఆయన వార్తలు పెట్టడం. అన్నింటికన్నా ముందుది, పెళ్లైన ఏడాది, నిండు పందిట్లో ఆయన అక్క ఆమెను ఒక మాట అంది. ఆయన పక్కనే ఉన్నాడు. తనకు వినబడలేదన్నాడు.

అప్పుడు చాంద్‌పాషా వయసు ఇరవై ఆరు. చెవులు నిక్షేపంగా ఉన్న రోజులు!